స్తోత్రం చెప్పిన నోరు

ఫ్యాను తిరుగుతున్నందుకు స్తోత్రం. తలుపుకి లోపలి గడియ ఉన్నందుకు స్తోత్రం. కాటా సున్నా దగ్గర కుదురుగా నిలబడినందుకు స్తోత్రం, పోయినేడాది నేల ఎగుడుదిగుడై అట్టముక్కలు పెట్టుకుంటూ చచ్చాం. పద్మకుమారి నోరు కాసేపు మూసినందుకు ఇంకో స్తోత్రం. ఇలా బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తూనే ఉంటుంది, నేను ఆపమన్నా ఆగదు. జపమాలలు మాకు లేవు, మేం బాప్టిస్టులం, అమ్మకి వేలి కణుపులే దిక్కు. గంజి తాగినా స్తోత్రమే, గంజి లేకపోతే దాహం తీరినందుకు స్తోత్రం. చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రాష్ట్రపోటీల్లో నీలంకోటు వేసుకుని, గుండెమీద రిఫరీ బ్యాడ్జీ పెట్టుకుని, ఫ్లోరెన్స్ మేడం అని అందరిచేతా పిలిపించుకుంటూ, ఈ విజయనగరం కాలేజీ లేడీస్ రూములో కూర్చుని అదే చేస్తున్నాను. బరువులెత్తే పోటీలో అసలు పోటీకి ముందు ఒక గంట ఉంటుంది, తూకం గంట. యాభైమూడు కేజీల తరగతి పిల్లలు ఈ గంటలో ఈ కాటా ఎక్కాలి. ఎక్కువుంటే దిగిపోయి, పరిగెత్తి, ఉమ్మి, చెమట కార్చి మళ్ళీ రావచ్చు, ఎన్నిసార్లయినా రావచ్చు. గంట దాటితే మాత్రం ఇంటికే. మగవాళ్ళు లోపలికి రాకూడదు. అందరూ అయిపోయారు, ఒక్క గౌరి మిగిలింది. మూడువందల గ్రాములు ఎక్కువుంది. బయట వరండాలో పరిగెడుతోంది, బూట్ల చప్పుడు వినిపిస్తోంది, దగ్గరకొస్తోంది, పోతోంది.

ఆ చప్పుడు వినకూడదనుకుంటున్నాను. ఇందాక కాటా ఎక్కేముందు ట్రాక్ ప్యాంటు తీసి నిక్కరుతో నిలబడింది, అందరు పిల్లలూ అలాగే నిలబడతారు, నేను అంకె చూడాలి గానీ కాళ్ళు చూడక్కర్లేదు. చూశాను. రెండు పిక్కల వెనుకా గీతలు, జంటగీతలు, పాతవి నల్లగా, కొత్తవి ఎర్రగా, ఎడమ పిక్క మీద ఒకచోట తోలు లేచి చీము పట్టి ఉంది. పద్మకుమారి కలం ఆపి, "బార్ గీసుకుందేమో మేడం" అంది. ఆవిడ తెలుగు టీచరు, కాగితాలు రాయడానికొచ్చింది, ఆవిడ తప్పేం లేదు. బరువులు తగిలించే ఆ ఇనుపకడ్డీ, బార్, ముందువైపు గీసుకుంటుంది. ముంగాలి ఎముక మీద, తొడల మీద, మెడకింద ఎముక మీద. బరువులెత్తే ఆడపిల్ల ఒళ్ళు ఎక్కడెక్కడ కమిలిపోతుందో నన్నడగండి. పిక్కల వెనక్కి బార్ ఏ జన్మకీ రాదు. జంటగీత ఎందుకొస్తుందో కూడా నన్నే అడగాలి. స్కిప్పింగ్ తాడు మధ్యకి మడిచి పట్టుకుంటే రెండు పోగులూ ఒకేసారి తగులుతాయి, అందుకని. "ఆ, బార్ అయ్యుంటుంది" అన్నాను. అనేశాను. నా నోరు నాకంటే ముందుంటుంది, ఎప్పుడూ అంతే.

తాడు నీలంరంగుది ఉండేది మా రోజుల్లో. చెక్కపిడులు. మా కోచ్ యుగంధర్ సార్ దాన్ని మెళ్ళో వేసుకుని తిరిగేవారు, డాక్టర్లు ఆ గొట్టం వేసుకున్నట్టు, మేం అలాగే వెక్కిరించుకునేవాళ్ళం. గుంజీలు సరిగ్గా దిగకపోతే ఒకటి. బార్ తలపైకి వెళ్ళాక మోచెయ్యి వంగితే ఒకటి. ఏడిస్తే రెండు. దెబ్బ పడ్డాక 'థాంక్యూ సార్' అనాలి, అనకపోతే ఇంకోటి. అదీ మా సార్ పద్ధతి, మిగతా కోచ్‌లు తిడతారు, కొందరు కొడతారు కూడా, కొట్టించుకుని దండం పెట్టించుకునేది మా సార్ ఒక్కరే. అప్పుడు మాకు అది గొప్పగా ఉండేది. ఆయన నన్ను ఎస్.కోట సందుల్లోంచి ఏరుకొచ్చారు, గుడ్లు పెట్టించారు, బూట్లు కొనిపెట్టారు. మోచెయ్యి నొప్పిగా ఉంది సార్ అంటే, "నొప్పి నీ దేవుడికి చెప్పుకో, బరువు నాకు చూపించు" అన్నారు. చూపించాను. మోచెయ్యి వెనక్కి విరిగి వేలాడింది. ఆ చప్పుడు ఉంది చూశారూ, పచ్చికొమ్మ విరిచినట్టు. ఆస్పత్రికి ఆయనే మోసుకెళ్ళారు, ఆయనే ఏడ్చారు, తర్వాత ఆయనే రిఫరీ పరీక్ష రాయించారు, బళ్ళో పీఈటీ ఉద్యోగానికి ఎవరి కాళ్ళో పట్టుకున్నారు. ఇదంతా ఒక్కమనిషే చేశాడు. ఇందులో దేనికి దండం పెట్టాలి, దేనికి ఉమ్మాలి, విడదీసుకోవడం నావల్ల కాలేదు. కాకపోయేసరికి అన్నిటికీ కలిపి స్తోత్రం చెప్పేశాను. సులువు కదా.

తలుపు. గౌరి. చెమట కూడా అట్టే లేదు ఒంట్లో, నిన్న మధ్యాహ్నం నుంచి నీళ్ళు తాగలేదట, బుగ్గన చింతపండు పెట్టుకుని ఊరిన ఉమ్మి ప్లాస్టిక్ గ్లాసులోకి ఉమ్ముతోంది. పెదాలు పగిలిపోయాయి. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ముసలమ్మ మొహం వేసుకొచ్చింది. కాటా ఎక్కింది. ఇంకా నూటయాభై గ్రాములు. పద్మకుమారి పాపం పళ్ళ సందున గాలి పీల్చుకుంది. గౌరి దిగి ట్రాక్ ప్యాంటు తొడుక్కుంటూ, పిక్కకి గుడ్డ తగిలినప్పుడు కళ్ళు మూసుకుంది. నేను వంగి మెల్లిగా, "ఎవరు కొట్టారే?" అన్నాను. తెలిసి అడగడం కూడా ఒక విద్యే.

"ఎవులు కొడతారు మేడం, పడిపోనాను" అంది. తర్వాత నా మొహం చూసింది. "మీకు తెల్సు గదా మేడం. సెప్పకండి. ఈపాలి మెడల్ వస్తే రైల్వేలో ఉజ్జోగం అనీసినారు సార్. నా కాళ్ళకేటయితే మీకేటి, సేతుల్తోనే కదా ఎత్తుతాను."

మళ్ళీ పరుగు. చేతుల్తోనే ఎత్తుతుందట. కాళ్ళు లేకుండా బరువు లేచేది పేపర్లోనే. ఆ పిక్కలతో కిందకి కూర్చుని అంత బరువు తలపైన పెట్టుకుని లేవాలి, నీళ్ళు లేని ఒళ్ళు, చీము పట్టిన కాలు, కాలు వణికితే బార్ ముందుకి పడదు, వెనక్కి పడుతుంది, మెడమీద పడుతుంది. ఊరుకో ఫ్లోరెన్సూ, ఊరుకో. ఏమీ కాదు. ప్రభువు కాపాడతాడు, నిన్ను కాపాడలేదా? ఏం కాపాడాడు? ఒంకర మోచెయ్యి కాపాడాడు, ఈ చేత్తో జడ వేసుకోవడం కూడా రాదు. ఛ, ఇలా అనకూడదు. సణిగే నోటికి దీవెన ఉండదని అమ్మ అనేది. అమ్మ ఎప్పుడూ సణగలేదు. నాన్న తాగొచ్చి తన్నిన రాత్రి కూడా, పిల్లలు నిద్రపోయాక తన్నాడు కదా అని దానికీ స్తోత్రం చెప్పింది. నేను నిద్రపోలేదు. దుప్పట్లోంచి విన్నాను, దెబ్బా విన్నాను, స్తోత్రమూ విన్నాను. అమ్మంత భక్తి ఎవరికుందని చర్చిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఫోన్ మోగుతోంది. లోపల ఫోన్ మాట్లాడకూడదు, పిల్ల బయటుంది కదా, ఫర్వాలేదు. లక్ష్మణమ్మ. గౌరి తల్లి. మంగళవారం మంగళవారం మా వీధికి ఎండుచేపల గంప తెస్తుంది, సముద్రం ఒడ్డు నుంచి రెండు బస్సులు మారి, మా ఇంటి అరుగు మీదే గంప దింపి మంచినీళ్ళు తాగుతుంది. గౌరిని నాకు చూపించిందీ ఆ అరుగు మీదే. అప్పటికే సార్ దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చేసింది పిల్ల.

"అమ్మా, మా గుంట తూకం సరిపోనాదేటి? గంగమ్మకి మొక్కీసినాను, మీ ఏసుబాబుకీ మొక్కీసినాను."

సరిపోతుందిలే లక్ష్మణమ్మా అన్నాను. వెనకాల చేపల వేలంపాట అరుపులు, కాకులు. మాట్లాడేది వినపడక గట్టిగా అరుస్తోంది, సంతోషంగా అరుస్తోంది. "మీ దయేనమ్మా ఇదంతా. ఎల్లను, ఆయన కాడికి పంపితే సచ్చిపోతానని నా కాళ్ళట్టుకోని ఏడిసిందమ్మా అది. మాన్పించీద్దారనుకున్నాను. ఆ దినం మీ ఇంటికాడ కూడికలో మీరు సాక్షెం సెప్పినారు సూడండి, అది ఇన్నాక తెల్లారే నానే లాక్కెళ్ళి దిగబెట్టీసినాను. పెద్ద సదువు సదివినోరు, దేముడి ముందల అబద్దం సెప్తారేటి అనీసి."

ఫోన్ పెట్టేసిందో నేనే పెట్టేశానో. కూడిక. జాతీయ రిఫరీ కార్డు వచ్చిందని ఇంటిముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెట్టాను, మాలో మేలు జరిగితే అలా చెయ్యాలి, పదిమందిని పిలిచి, పాటలు పాడి, నిలబడి దేవుడు చేసింది నోటితో చెప్పి, అన్నం పెట్టాలి. వీధివీధంతా వచ్చింది, చికెన్ పులావు అంటే ఎవరు రారు. యుగంధర్ సార్ ముందువరసలో శాలువాతో కూర్చున్నారు. లక్ష్మణమ్మ ఖాళీగంప పక్కన పెట్టుకుని చివర్లో, పిల్ల ఆమె వెనకాల. అప్పుడు చూశానా పిల్లని? చూశాను. తల దించుకుని ఉంది, ప్రార్థన అనుకున్నాను. పాస్టరుగారు మైకిచ్చారు. నాకు మైకు దొరికితే పండగే. నా మోచెయ్యి పైకెత్తి చూపించాను, దేవుడు నన్ను విరిచి వాడుకున్నాడన్నాను. సార్ కొట్టిన ప్రతి దెబ్బా దేవుడి చేతిలో ఉలి దెబ్బ, ఆ దెబ్బలు తినకపోతే నేను ఎండుగడ్డి మోసుకుంటూ ఉండేదాన్ని, ఈ తల్లులందరికీ చెబుతున్నాను, పిల్లలు ఏడిస్తే కరిగిపోకండి, అన్నాను. ఆమెన్లు, హల్లెలూయలు. సార్ కళ్ళు తుడుచుకున్నారు. ఎంత బాగా చెప్పానో అని రాత్రి నిద్ర కూడా పట్టలేదు నాకు. ప్రభువా, ఒక్క ఆమెన్ దగ్గరైనా నా గొంతు పట్టెయ్యకపోయావా? స్తోత్రానికి నువ్వు అడ్డు రావు కదూ, అబద్ధపు స్తోత్రమైనా సరే తీసుకుంటావు కదూ. నీమీద కోపంగా ఉంది. నామీద ఎంత ఉందో నీకే తెలుసు. సార్ నా ఒక్క చెయ్యి విరిచాడు. నేను ఆ పిల్లకి ఇంటి తలుపే మూయించాను.

మళ్ళీ తలుపు. ఈసారి నడిచి వచ్చింది, పరిగెత్తే ఓపిక లేదు. పావుగంట కూడా లేదు. యాభై గ్రాములు ఎక్కువ. కాటా మీద నిలబడే వెక్కింది, కన్నీళ్ళు రాలేదు, వచ్చేందుకు నీళ్ళుంటే కదా. "కత్తెరుందా మేడం?" అంది. పద్మకుమారి నావైపు చూసింది. నేను లేదని ఉండాల్సింది. లేదంటే పోటీ తప్పిపోతుంది, కాలు బతుకుతుంది, ఎవరితోనూ గొడవ ఉండదు, నా పేరు బయటికి రాదు. ఎంత చక్కని ఉపాయం, నాలాంటివాళ్ళకి ఇలాంటివి ఇట్టే తడతాయి. తర్వాత? బరువు దించనందుకు రాత్రి మళ్ళీ తాడు. రేపు మళ్ళీ తాడు. థాంక్యూ సార్. పెట్టెలోంచి కత్తెర పద్మకుమారే తీసిచ్చింది. నడుం దాకా ఉన్న జడ. మెడ దగ్గర పట్టుకుని కరకర కోసేసింది, తాడు కోసినట్టు, ఒక్కసారి కూడా దానివైపు చూడలేదు. జడ నేలమీద పడింది, పిల్ల కాటా ఎక్కింది. అంకె ఊగి, ఊగి, యాభైమూడు దగ్గర ఆగింది. పద్మకుమారి చప్పట్లు కొట్టింది. గౌరి సంతకం పెట్టి, నా కాళ్ళకి వంగి దండం పెట్టింది. నేను పట్టుకునేలోపే అనేసింది.

"మీ మేలు మర్సిపోను మేడం. మీరూ సారూ లేకపోతే నాకేటి బతుకు."

ఈ మాట నాది. ఈ వంగడం నాది. ఇంకో పదేళ్ళకి ఈ పిల్ల ఒక షామియానా కింద నిలబడి, ఏ గంగమ్మ గుడి దగ్గరో మైకు పట్టుకుని, పిక్కలు మాత్రం చీర కింద దాచుకుని, చివర్లో ఏ పిల్లో తల దించుకుని కూర్చుని ఉంటే ఆమె తల్లికి చెబుతుంది, కరిగిపోకండి అని. కణుపుల మీద నా బొటనవేలు ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో తెలియలేదు. గడియ తీశాను. ఎదురుగా గోడకి ఆనుకుని యుగంధర్ సార్, జుట్టు నెరిసింది గానీ మనిషి అదే, మెడలో తాడు లేదు, పోటీలకి తీసుకురారు. నన్ను చూసి చేతులు జోడించి నవ్వారు. "ఏటమ్మా, దేవుడి బిడ్డా, సరిపోనాదా?" ఆ నవ్వు చూస్తే ఇప్పటికీ నాకు శభాష్ అనిపించుకోవాలనిపిస్తుంది, ఇదీ నిజమే, ఇదీ చెప్పుకోవాలి. సరిపోయింది సార్ అన్నాను. తర్వాత ఆయన భుజం మీంచి హాలు అంతా వినపడేలా అరిచాను, "డ్యూటీ డాక్టరమ్మని ఇలా పంపండి. పిల్ల కాళ్ళ మీద దెబ్బలున్నాయి. తాడుదెబ్బలు." మైకు లేకుండానే అంత గొంతు నాకుందని తెలియదు. హాల్లో బరువులు దించే చప్పుడు ఆగింది.

గది లోపల్నుంచి గౌరి కేక. మేడం, వద్దు మేడం. డాక్టరమ్మ వచ్చింది, చిన్నపిల్లే, నాలుగు రోజులు పనిచేసి పోదామని వచ్చినట్టుంది, లోపలికెళ్ళి తలుపేసుకుంది. సార్ నా దగ్గరగా వచ్చారు. అరవలేదు. ఆయన అరవకుండా మాట్లాడితేనే మాకు భయం. "తిన్నింటి వాసాలు లెక్కెడతన్నావేటి, ఫ్లోరెన్సూ? నేను చేసిందంతా మర్చిపోయావా?"

"మర్చిపోలేదు సార్" అన్నాను. "ఒక్కటి కూడా మర్చిపోలేదు."

డాక్టరమ్మ బయటికొచ్చి, ఈ కాలుతో బరువెత్తనివ్వను, ముందు ఆస్పత్రికి, నేను పోలీసులకి కూడా చెప్పాలి అంది. చుట్టూ జనం చేరారు, కొందరు ఫోన్లెత్తారు. కురచ జుట్టుతో గౌరి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నా దగ్గరికి రాలేదు. సార్ ముందు నిలబడి రెండు చేతులూ జోడించి, "నాను సెప్పలేదు సార్, ఒట్టు సార్, నాను సెప్పలేదు" అంటోంది. ఆయన మొహం తిప్పుకున్నారు. అప్పుడు నావైపు తిరిగింది. "నా ఉజ్జోగం తీసీసినారు మేడం. మీ సెయ్యి పోయిందని నాదీ పోవాలేటి? మీరు బాగుపడరు." ఆ రైల్వే ఉద్యోగం నేనివ్వగలనా? వచ్చే నెల నాకే ఏ పోటీకీ పిలుపు రాదు, ఆయన మాట కాదనే సంఘం ఈ జిల్లాలో లేదు. శాపనార్థం పెట్టిన పిల్ల చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళసీసా నోటికి ఆనించాను. మొదటి గుక్క నా కోటు మీద ఉమ్మింది. రెండోది తాగింది. తర్వాత సీసా రెండు చేతులా పట్టుకుని గటగటా తాగింది, ఏడుస్తూ తాగింది. ఇక ఏ కాటా ఎక్కక్కర్లేదు.

నేను వరండా చివరికి వెళ్ళి లక్ష్మణమ్మకి ఫోన్ చేశాను. ఒక్క మోతకే ఎత్తింది. "గెలిసీసిందేటమ్మా అప్పుడే?" లేదన్నాను. పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, బేగి బయల్దేరి రా అన్నాను. వేలంపాట అరుపులకి సగమే వినపడ్డట్టుంది, మళ్ళీ చెప్పమంది. గట్టిగా చెప్పాను. ఆయన కొట్టాడు లక్ష్మణమ్మా, కాళ్ళ మీద చీము పట్టేలా కొట్టాడు, నన్నూ అలాగే కొట్టేవాడు, అందులో దేవుడి పని ఏమీ లేదు, నాకు నొప్పి పుట్టింది, ప్రతిసారీ నొప్పి పుట్టింది. ఈ మాట నా జన్మలో మొదటిసారి పైకన్నాను. ఆమె గొంతు వచ్చింది, అరవడం మానేసి, చిన్నగా.

"మరి ఆ దినం అందరి ముందలా అలగెందుకు సెప్పినారమ్మా?"